ఒంగోలు వ్యాను

మా ఆవిడ ప్రేమమణి ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. ఇది నేను కొలిచి చెబుతున్న మాట కాదు. ఇరవై మూడేళ్ల కిందట పెళ్లిమాటలప్పుడు ఆమె అన్నయ్య ఐజాక్ ఒంగోలు నుంచి మా పాస్టరుగారికి పంపిన కాగితంలో ఉన్న మాట. పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, చదువు, చామనఛాయ, ఎత్తు 5-4. మా వైపు నుంచి వెళ్లిన కాగితంలో నా ఎత్తు 5-7. అది రాసింది మా నాన్న. ఆయన సికింద్రాబాదు స్టేషన్లో పార్సిలు గుమస్తా. బరువు తగ్గించి చెప్పేవాళ్లను ఉద్యోగమంతా పట్టుకున్న మనిషి, కొడుకు దగ్గరికొచ్చేసరికి తనే రెండంగుళాలు ఎక్కించాడు. నిజానికి నాది 5-5. అదీ పొద్దున లేచిన వెంటనే కొలిస్తే.

ఎత్తు అంటే పొడవు అని ఒక అర్థం, పన్నాగం అని ఇంకో అర్థం. సికింద్రాబాదు కార్ఖానా పేటలో ఒక బళ్లో పదో తరగతికి తెలుగు చెబుతాను కాబట్టి, నానార్థాల పాఠం వచ్చినప్పుడల్లా ఈ మాటతోనే మొదలుపెడతాను. పెళ్లికాగితాల్లో ఈ రెండర్థాలూ ఒకే గడిలో కాపురం చేస్తాయని మాత్రం పిల్లలకు చెప్పను.

నా పేరు శాంతికుమార్. శాంతి పేరులో ఉంది, నోట్లో లేదు. నేను చెవిలో గుసగుసలాడితే పక్కింటివాళ్లు జవాబు చెబుతారు. ప్రేమమణి నాకు సరిగ్గా తిరగేసిన పేజీ. రోజంతా కలిపి ఆమె మాట్లాడే మాటలు ఒక పోస్టుకార్డు మీద పడతాయి, కింద సంతకానికి చోటు కూడా మిగులుతుంది.

ఆమెకు కార్ఖానాలోనే ఒక మేడ మీద ఆడవాళ్ల పార్లరు ఉండేది. పద్దెనిమిది మెట్లు. తలుపు మీద 'లేడీస్ ఓన్లీ' బోర్డు. పదిహేడేళ్లలో నేను ఆ మెట్లు పదిహేడు దాకా ఎక్కాను, పద్దెనిమిదోది ఎక్కలేదు. సెలవుల్లో మధ్యాహ్నం టిఫిను డబ్బా పదిహేడో మెట్టు మీద పెట్టి కేకేసేవాణ్ని. తలుపు తెరుచుకునేది, ఆమె కొంచెం వంగి డబ్బా తీసుకునేది, తలుపు మూసుకునేది. లోపల ఆమె ఎలా పనిచేస్తుందో, ఎలా నిలబడుతుందో నేను ఎన్నడూ చూడలేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తరవాత అవసరపడుతుంది.

కిందటి ఏడాది ఆ మేడ కూలగొట్టి కొత్తది కడతామన్నాడు ఓనరు. ఇంకోచోట గది చూసుకుందామంటే ప్రేమమణి ఒప్పుకోలేదు. తనతోపాటే తన గిరాకీ కూడా ముసలిదయిపోయిందని, కొత్త గది ఎక్కడ తీసుకున్నా వాళ్లు మెట్లెక్కలేరని ఆమె బాధ. అల్వాల్‌లో శ్యామలమ్మగారని డెబ్బయి నాలుగేళ్లావిడ ఉంది. చేతులెత్తి దువ్వుకోలేక జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటుంది. నెలకోసారి ఆటోలో వచ్చి, మెట్ల దగ్గర అయిదుసార్లు ఆగి, అయిదుసార్లు దేవుణ్ని తిట్టి పైకి చేరేది. పోయిన ఉగాది ముందు ఆమె సగం మెట్ల మీద కూర్చుండిపోయి, మోకాళ్లు రామంటున్నయ్ బిడ్డా, ఇగ నువ్వే రావాలె అందట. ఆ మాట పట్టుకుని ప్రేమమణి ఒక వ్యాను కావాలంది. లోపల ఒక కుర్చీ, ఒక అద్దం, తల కడిగే తొట్టి. పార్లరే గేటు దగ్గరికి వెళ్లి నిలబడుతుంది. బండి తనే నడుపుతుంది, సెలవుల్లో నేను తోడు.

వ్యానంటే ఏముంది, నాలుగు చక్రాలు అనుకున్నాను. చక్రాల దగ్గర కాదు, చిక్కంతా పైకప్పు దగ్గర వచ్చింది. జుట్టు కత్తిరించేవాళ్లు రోజూ ఆరేడు గంటలు నిలబడే ఉండాలి. ప్రేమమణికి మెడా, వీపు పైభాగమూ రెండేళ్లుగా నొప్పి. ఫిజియోథెరపీ చేసే కల్పలతగారు సూటిగా చెప్పింది: రోజుకు కొన్ని గంటలు తల వంచి పనిచేసిందంటే ఏడాదిలో కత్తెర కింద పెట్టేయాల్సిందే. పనిలో ఎక్కువ వంగుతారా అని కూడా అడిగింది. లేదండీ, పనిలో వంగను, కుర్చీనే పైకి లేపుకుంటాను అంది ప్రేమమణి. మరి ఎక్కడ వంగుతున్నారు అంది ఆవిడ. ప్రేమమణి గోడ మీదున్న వెన్నుపూస బొమ్మకేసి చూస్తూ కూర్చుంది.

జవాబు నేనిచ్చాను. "ఊరు ఒంగోలు కదండీ. పుట్టుకలోనే ఒంగు ఉంది."

కల్పలతగారు నవ్వింది. ఈ జోకు నేను పెళ్లయిన మొదటి నెలలో కనిపెట్టాను. చర్చిలో, పెళ్లిళ్లలో, రేషను షాపు దగ్గర, ఎక్కడ ప్రేమమణి కొంచెం ముందుకు వాలి నిలబడితే అక్కడ వాడాను. ఇరవై మూడేళ్లలో ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

సరే, వ్యాన్ల వేట షురూ అయింది. మొదటిది లోపల నాలుగడుగులకు కొంచెం పైన. అందులోకి దూరి నేను నమాజు చేస్తున్నట్టు మోకాళ్ల మీద తిరిగాను. ఇది వ్యాను కాదు, వంగు అన్నాను. అమ్మేవాడికి అర్థం కాలేదు. రెండోది బయటినుంచి చూస్తే గోపురంలా ఉంది. లోపలికెళ్తే పైకప్పు నిండా ఏసీ గొట్టాలు దిగి ఉన్నాయి. ఇది కొంటే మన కుటుంబానికి తలవంపులు అన్నాను. ఆ రోజు నాకొక సంగతి తెలిసింది. బండి బయట ఎత్తుకీ లోపల ఎత్తుకీ సంబంధం లేదు. మనుషులకూ అంతే కదా అనుకుని, ఎందుకో ఆ ఆలోచనను అక్కడే వదిలేశాను.

మూడోచోటు రాంగోపాల్‌పేట్‌లో తుకారాం షెడ్డు. పాత వ్యాన్లు కొని, కావాల్సినట్టు లోపల అమర్చి ఇస్తాడు. అరవై ఏళ్లుంటాయి. టేపు చొక్కా జేబులో పెన్నులా పెట్టుకుంటాడు. మాకు చాయ్ తెప్పించాడు. చేతిలో ఒక కప్పు పట్టుకుని ఇంకో కప్పు గురించి మాట్లాడుకున్నాం. ఈ చమత్కారానికి తుకారాం నవ్వి ఇంకో బిస్కెట్టు ఇచ్చాడు కాబట్టి మనిషి మంచివాడని తేల్చాను.

బండి ఎత్తు ఎన్ని రకాలో ఆయన విడమర్చి చెప్పాడు. రోడ్డు నుంచి కప్పు దాకా ఒకటి, అది బ్రిడ్జి కిందినుంచి పోవడానికి. లోపల రేకు నుంచి రేకు దాకా ఇంకోటి, అది అమ్మేవాడు చెప్పేది. "కింద చెక్క వేసినంక, పైన షీటు కొట్టినంక, చెప్పుల మీద నిలబడ్డంక మిగిలేది ఉంటది సూడుండ్రి సార్, గదే మనిషిది" అన్నాడు. కిందా పైనా కలిపి రెండంగుళాలు పోతాయట.

షెడ్డులో రెండు బండ్లున్నాయి. తెల్లది బడిపిల్లల్ని మోసి రిటైరైంది, లోపల రేకు నుంచి రేకుకు అయిదడుగుల ఎనిమిదంగుళాలు. నీలం రంగుది మందులు పంచే డాక్టర్ల బండి, లోపల ఆరడుగుల మూడంగుళాలు. కార్ఖానా గల్లీల్లో తిరగడానికి చిన్నదే సుఖమని తుకారామే అన్నాడు, మనిషి పట్టినట్టయితే.

ముందు నీలం బండి ఎక్కాను. నా నెత్తికీ కప్పుకీ మధ్య ఇంకొకరి తల పెట్టుకునేంత ఖాళీ. బావిలో దిగిన చెంబులా అనిపించింది. దిగి తెల్లబండి ఎక్కాను. అక్కడ ఒక విచిత్రం జరిగింది. కప్పు నా నెత్తికి దగ్గరగా వచ్చింది. అరచెయ్యి అడ్డం పెడితే కప్పుకీ జుట్టుకీ మధ్య బిగుసుకుంది. యాభై ఏళ్లలో ఏ గుమ్మమూ, ఏ బస్సూ, ఏ ఫ్యానూ నన్ను ఇంత లెక్కచేయలేదు. పొడుగువాళ్లకు రోజూ ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాను. అందులోనే అటూ ఇటూ నాలుగడుగులు వేసి, కిటికీలోంచి తల బయటపెట్టి ఇదే మన బండి అన్నాను.

తుకారాం మేడమ్ హైటెంతుంటది అని అడిగాడు. ప్రేమమణి కింద నిలబడి చెప్పుల వంక చూసుకుంటోంది. ఐదూ నాలుగు అని నేను షెడ్డు దద్దరిల్లేలా చెప్పాను. నాది ఐదూ ఏడు, నాకే పట్టినప్పుడు నాకంటే మూడంగుళాలు తక్కువ మనిషికి పట్టదా అని లెక్క కూడా విప్పి చూపించాను.

తుకారాం టేపు బయటికి తీసి, లోపలికి పెట్టి, ఐదూ ఏడు మనిషికి ఐదూ ఎనిమిది బండిలో నాలుగు వేళ్ల సందు ఎట్ల వస్తది సార్ అన్నాడు. జుట్టు పలచబడిందయ్యా, ఆ మేరకు తగ్గానన్నాను. ఆయన నా నెత్తి వంక కాసేపు చూశాడు.

ప్రేమమణి కూడా బండి ఎక్కింది. ఎక్కేటప్పుడే తల వంచుకుని ఎక్కింది, కిటికీ అద్దం తట్టింది, తల వంచుకునే దిగింది. బాగుందా అంటే, మీకు నచ్చింది కదా అంది. ఆ జవాబును అవునని అనువాదం చేసుకున్నాను. భాషాపండితుణ్ని కదా.

రెండు వారాల్లో తెల్లబండిలో చెక్క పరిచి, పైన షీటు కొట్టి, కుర్చీ, తొట్టి, అద్దం బిగించాడు తుకారాం. బోల్టులు ఆఖరిగా బిగించేముందు మేడమ్ ఒకసారి పనిచేసి చూసుకుంటే మంచిదని ఫోన్ చేశాడు. ప్రేమమణి ఆ పనికి శ్యామలమ్మగారిని తీసుకురమ్మంది. శనివారం పొద్దున ఆటోలో అల్వాల్ వెళ్లి ఆమెను తీసుకొచ్చాను. దారంతా ఆమె మోకాళ్ల గురించి చెప్పింది, నేను మోకాళ్ల మీద చమత్కారాలు చెప్పాను. కార్ఖానా దాటాక ఆమె నిద్ర నటించింది.

బండికి కట్టిన మడతమెట్లు రెండు. శ్యామలమ్మగారు వాటిని ఎక్కి, తిట్టడానికి దేవుడు అవసరం పడనందుకు కొంచెం నిరాశపడి, కుర్చీలో కూర్చుంది. ప్రేమమణి ఆమె భుజాల మీద గుడ్డ కప్పింది. తుకారామూ నేనూ తలుపు దగ్గర కింద నిలబడ్డాం. నేను నా భార్య పని చేయడం చూడబోతున్నానని అప్పటికి నాకు తట్టలేదు. పదిహేడేళ్ల తరవాత పద్దెనిమిదో మెట్టు.

ప్రేమమణి వంగే ఉంది. దువ్వెన తీసింది, జుట్టు తడిపింది. తరవాత కత్తెర చేతిలోకి తీసుకుంది. అంతే, ఆమె వీపు దానంతటదే లేచింది. ఎవరో లోపలినుంచి దారం లాగినట్టు మెడ సాగింది, భుజాలు వెనక్కి వెళ్లాయి. నేను ఆ మనిషిని ఎరగను. ఎవరీవిడ అనుకునే లోపల పైకప్పుకు అడ్డంగా ఉన్న ఇనుపపట్టీ ఠంగుమంది.

చప్పుడు చిన్నదే. షెడ్డులో వెల్డింగు చేస్తున్నవాళ్లు కూడా ఆపి చూశారు.

ప్రేమమణి నెత్తి తడుముకుని, ఏం కాలేదంది. మళ్లీ వంగింది. వంగే మూడు నాలుగు కత్తిరింపులు వేసింది. అద్దంలో ఆమె పెదవి కొరుక్కోవడం కనిపించింది. శ్యామలమ్మగారికి కూడా కనిపించినట్టుంది, గుడ్డ కిందినుంచి చెయ్యి బయటికి తీసి కత్తెర పట్టుకున్న చేతిని ఆపేసింది.

"ఆపు బిడ్డా. నువ్వు వంకరగ నిలబడి కత్తిరిస్తే నా తల సుత వంకరైతది. జెర సక్కగ నిలబడు."

"పట్టదమ్మా" అంది ప్రేమమణి.

తుకారాం టేపు తీశాడు. కింద చెక్క నుంచి పైన షీటు దాకా పెట్టాడు. ఐదూ ఆరు. ఆ ఇనుపపట్టీ దగ్గర ఇంకో అరంగుళం తక్కువ. "ఐదూ నాలుగు అంటిరి గద సార్. మరి గిదెట్ల తాకింది?" అన్నాడు. గొంతులో కోపం లేదు. లెక్క తప్పినందుకు తక్లీఫ్ ఉంది.

షెడ్డులో అందరూ నా వంక చూశారు. ఇలాంటప్పుడు నా నోరు నా కోసం ఆగదు. ఒంగోలు జోకు నాలిక చివరిదాకా వచ్చింది. 'ఒం' అన్నాను కూడా. అంటూ ఆమె వంక చూశాను. తల కప్పుకు ఆనకుండా, మోకాళ్లు కొంచెం మడిచి, మెడ ఒక పక్కకు వాల్చి నిలబడి ఉంది. ఆ నిలబడటం నాకు బాగా తెలుసు. పెళ్లిఫొటోలో అలాగే ఉంది, చర్చి మెట్ల మీద నాకంటే ఒక మెట్టు కింద. ఆదివారం పాటలప్పుడు ఒకే పుస్తకం ఇద్దరం పట్టుకుంటే అలాగే ఉంటుంది. బజార్లో, బస్టాపులో, మా ఇంటి గుమ్మంలో, ఎక్కడ నేను పక్కనుంటే అక్కడ. కత్తెర పట్టుకుంటే మాత్రం అలా ఉండదు. కల్పలతగారి ప్రశ్నకు జవాబు నా కళ్లముందే ఉంది. మరి ఎక్కడ వంగుతున్నారు అని ఆవిడ అడిగినప్పుడు, జవాబు చెప్పాల్సిన మనిషి బదులు జవాబే నోరు తెరిచి జోకు వేసింది.

మిగతా జోకు మింగాను. జీవితంలో మొదటిసారి కాబట్టి గొంతులో అడ్డం పడింది.

ప్రేమమణి బయటికి వచ్చి రెండో మెట్టు మీద కూర్చుంది. కాగితంలో ఐదూ నాలుగు ఉంది కదా అన్నాను నేను, నా మామూలు గొంతుకు సగంలో. ఆమె ఒళ్లో కత్తెర పెట్టుకుని, దానితోనే మాట్లాడుతున్నట్టు మెల్లగా చెప్పింది.

"అది అన్నయ్య రాశాడండీ. మా నాన్నకు అప్పటికే మూడు సంబంధాలు తప్పాయి, పిల్ల పొడుగని. మీరు ఇరవై మూడేళ్లుగా అడుగులు, అంగుళాలు అంటూనే ఉన్నారు. ఒక్కసారి కూడా అడగలేదు."

అడుగు అంటే పన్నెండంగుళాలు. అడుగు అంటే ప్రశ్న వేయమని. ఈ శ్లేషను నేను ఏటా బోర్డు మీద రాస్తాను. ఆమె మాత్రం శ్లేష వేశానని కూడా తెలియకుండా అంది. అది విని నవ్వాలన్న సంగతి నాకు తట్టలేదు.

ఇది ముందే ఎందుకు చెప్పలేదన్నాను, ఈ బండి కొన్న రోజైనా. ఆ రోజు మీరు అందులో నిలబడి ఎంత మురిసిపోయారో చూశాను అంది. పోస్టుకార్డు అప్పటికే నిండిపోయింది.

తుకారాం గొంతు సవరించుకున్నాడు. పనిచేసే మనిషికి పని మాటే సాయం. ఈ బండి కప్పు కోసి పైకి లేపడం తన వల్ల కాదన్నాడు. కాగితాలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా మొదటి వానకే కారుతుంది. నీలం బండి ఇంకా ఉంది, కానీ సాయంత్రం ఎవరో చూడ్డానికొస్తున్నారు. కుర్చీ, తొట్టి, అద్దం అందులోకి మార్చొచ్చు. పరిచిన చెక్క మాత్రం దండగ. మార్చేముందు అద్దం ఏ ఎత్తున పెట్టాలో, అలమర ఎక్కడ కొట్టాలో తెలియాలి కాబట్టి, "ఈసారి కాగితం వద్దు సార్. మనిషిని కొలుద్దాం" అన్నాడు.

ప్రేమమణి లేచింది. తుకారాం షెడ్డు మధ్యలో ఇనుపస్తంభం దగ్గరికి దారి చూపించాడు. ఆమె అక్కడిదాకా వెళ్లి ఆగి, నా వైపు తిరిగి, "ముందు మీరు" అంది.

వెల్డింగు చేసేవాళ్లు నలుగురు, తుకారాం, మెడ చుట్టూ గుడ్డతో బండి తలుపులోంచి తొంగిచూస్తున్న శ్యామలమ్మగారు. ఇంతమంది ముందు చెప్పులు విప్పి స్తంభానికి వీపు ఆనించాను. మడమలు లేపకూడదని ఎంత అనుకున్నా అవి కొంచెం లేచాయి. తుకారాం కాలితో నా పాదం మీద మెల్లగా తట్టాడు. దించాను. నెత్తి మీద అట్టముక్క ఆనించి సుద్దతో గీత గీశాడు. ఐదూ ఐదు. అది సుత జుట్టుతోటి అన్నాడు.

నాది ఐదూ ఐదే, ఐదూ ఏడని మా నాన్న రాశాడు అన్నాను. ఆ మాట నేను ఎవరికైనా చెప్పడం అదే మొదలు. నాకు మొదటి ఆదివారమే తెలుసు, పాటల పుస్తకం పట్టుకున్నప్పుడు అంది ప్రేమమణి.

తరవాత ఆమె నిలబడింది. మొదట అలవాటు ప్రకారం కొంచెం కుదించుకుంది. తుకారాం అట్టముక్క పట్టుకుని ఊరికే ఆగాడు, తొందరపెట్టలేదు. కాసేపటికి ఆమె కళ్లు మూసుకుంది. వేళ్లు కత్తెర ఉన్నట్టు ముడుచుకున్నాయి. వీపు లేచింది, మెడ లేచింది, గడ్డం నేలకు సమంగా వచ్చింది. తుకారాం మునివేళ్ల మీద లేచి గీత గీశాడు. ఐదూ ఏడున్నర.

"గింత పొడుగు పిల్లను ఇన్నేండ్లు యాడ దాచినవయ్యా?" అంది శ్యామలమ్మగారు తలుపులోంచి.

శ్యామలమ్మగారు దిగివస్తుంటే రెండు గీతల మధ్య వేళ్లు పెట్టి చూశాను. రెండున్నర అంగుళాలు. అగ్గిపెట్టె నిలబెడితే కొంచెం మిగులుతుంది. ఇంత ముక్క కోసం ఒక తండ్రి, ఒక అన్న, చెరో ఊళ్లో కూర్చుని చెరో అబద్ధం రాశారు. ఒక మనిషి మెడ వంచుకుంది. ఇంకో మనిషి అది చూడకుండా ఉండటానికి ఇరవై మూడేళ్లు గట్టిగా మాట్లాడాడు. కొలవడమంటే టేపు పెట్టడమని ఒక అర్థం, సేవించడమని ఇంకోటి. దేవుణ్ని కొలిచాను, బట్ట కొలిచాను. ఈమె విషయంలో రెండర్థాలూ ఖాళీగానే వదిలేశాను.

నీలం బండినే తీసుకుంటామని తుకారాంకు చెప్పాను. మెల్లగా చెప్పినట్టున్నాను, ఆయన మళ్లీ అడిగి నిర్ధారించుకున్నాడు.

మర్నాడు ఆదివారం. చర్చిలో పాటకు అందరం లేచాం. పుస్తకం ఎప్పటిలాగే మా ఇద్దరి మధ్య. రెండో చరణం దగ్గర అది నెమ్మదిగా పైకి పోవడం గమనించాను. పుస్తకం పట్టుకున్న మనిషే పైకి పోతోంది. మూడో చరణంలో నాకు అక్షరాలు ఏటవాలుగా కనిపించి, సగం మాటలు సొంతంగా కల్పించి పాడాను. నా గొంతు పెద్దది కాబట్టి ముందు రెండు వరసలవాళ్లు కూడా అవే పాడారు. కూర్చున్నాక ప్రేమమణి ముందుకే చూస్తూ, వచ్చేవారం మీ పుస్తకం మీరు తెచ్చుకోండి అంది. ఆమె భుజాలు అప్పటికి మళ్లీ కొంచెం ముందుకు వాలిపోయాయి. ఇరవై మూడేళ్ల వంపు ఒక్క పాటకు పోదు. కల్పలతగారు కూడా అదే చెప్పింది, ఈసారి నేను బయట బల్ల మీద కూర్చున్నాను.

నీలం బండి మూడు వారాలకు తయారైంది. మొదటి గిరాకీ శ్యామలమ్మగారే. శనివారం అల్వాల్‌లో వాళ్ల గేటు దగ్గర ప్రేమమణి బండి ఆపింది. పాత పార్లరు బోర్డు ఊడదీసి తెచ్చి తలుపుకు తగిలించుకుంది, 'లేడీస్ ఓన్లీ'. నన్ను చెట్టు కింద పెట్టిన టిఫిను డబ్బాలో పప్పుచారు ఉందో లేదో చూసిరమ్మని పంపింది. అంటే నన్ను అక్కడినుంచి పంపింది.

చెట్టు కింద కొంతసేపు నిలబడ్డాను. బండి కిటికీలోంచి అద్దంలో కొంత భాగం కనిపిస్తోంది. కుర్చీలో తెల్లటి చిన్న తల, దాని పైన నిటారుగా ఒక మెడ, దాని పైన నా భార్య ముఖం. కప్పు ఆమె నెత్తికి ఇంకా అరజానెడు పైన ఉంది. ఆమె ఏదో మాట్లాడుతోంది. శ్యామలమ్మగారు వింటోంది. ఇది నిజంగా నా కళ్లతో చూశాను. ప్రేమమణి చేతులాడిస్తూ, ఆపకుండా, ఒక పోస్టుకార్డు కాదు, పెద్ద ఉత్తరమే మాట్లాడుతోంది.

డబ్బా పట్టుకుని వెళ్లి మొదటి మెట్టు ఎక్కాను. రెండో మెట్టు మీద ఆగాను. ఇదివరకైతే డబ్బా అక్కడ పెట్టి కేకేసేవాణ్ని. ఈసారి తలుపు మీద వేలితో తట్టాను.

"లోపల అడుగు పెట్టొచ్చా?" అన్నాను.

కత్తెర చప్పుడు ఆగింది. ప్రేమమణి వంగలేదు. ఉన్నచోటే నిలబడి అద్దంలోంచి నన్ను చూసింది, పైనుంచి కిందికి, ఆ రెండున్నర అంగుళాలూ వాడుకుంటూ.

"ఏందీ, ఇంట్ల సుత గిట్లనే అడుగుతడా?" అంది శ్యామలమ్మగారు.

"ఈమధ్యే నేర్చుకుంటున్నారు" అంది ప్రేమమణి, కత్తెర మళ్లీ ఆడిస్తూ. "ఇంకో పావుగంట ఆగమనండి."

మెట్టు మీదే కూర్చున్నాను. డబ్బాలో పప్పుచారు ఉంది.